ఐపీసీ 326 కింద ఏడేళ్లు పడ్డాయి, శిక్ష ఎక్కువైందని అప్పీల్ చేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పొలం గట్టు దగ్గర గొడవలో మీ తమ్ముడు కర్రతో కొట్టాడు. అవతలి మనిషికి ముంజేయి ఎముక విరిగింది, తలకు చిన్న గాయమైంది. పోలీసులు హత్యాయత్నం అంటూ 307 కింద చార్జిషీటు వేశారు. కోర్టు 307 రుజువు కాలేదని కొట్టేసి, ఐపీసీ 326 (ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం) కింద ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష, పదివేల జరిమానా వేసింది. తీర్పు వచ్చి మూడు వారాలైంది. "కొట్టలేదని మేం అనడం లేదు, కానీ ఏడేళ్లు చాలా ఎక్కువ. శిక్ష ఒక్కదాని మీదే అప్పీల్ వేయొచ్చా? వేస్తే ఇంకా పెంచుతారని భయపెడుతున్నారు" అని రాశారు.

వేయొచ్చు. మీరు వేసుకున్న అప్పీల్‌లో మీ శిక్ష పెంచే అధికారం అప్పీల్ కోర్టుకు లేదు. తగ్గించవచ్చు, ఉన్నది ఉన్నట్టు ఉంచవచ్చు, సెక్షన్ మార్చవచ్చు, కేసే కొట్టేయవచ్చు. కానీ నా సలహా అడిగితే, కాగితం మీద "శిక్ష వరకే" అని రాసి అప్పీల్ వేయకండి. నేరనిర్ధారణనూ శిక్షనూ రెండింటినీ సవాలు చేస్తూ వేయండి. వాదనకు వచ్చినప్పుడు బరువంతా శిక్ష మీద పెట్టొచ్చు. ఎందుకో కింద చెబుతాను.

దానికంటే ముందు గడువు సంగతి. ఈ క్షణం మీరు చూడాల్సింది అదే.

జడ్జిమెంటు కాపీ తీసి, చివరి పేజీలో సంతకం కింద జడ్జి హోదా ఏమని ఉందో చదవండి. సెషన్స్ జడ్జి గానీ అదనపు సెషన్స్ జడ్జి గానీ అయితే అప్పీల్ హైకోర్టుకు వెళ్తుంది, గడువు 60 రోజులు. అసిస్టెంట్ సెషన్స్ జడ్జి అని ఉంటే లెక్క మారిపోతుంది. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) కింద మన దగ్గర చాలా 307 కేసులు అసిస్టెంట్ సెషన్స్ కోర్టుల్లోనే నడిచాయి. ఆ కోర్టు ఏడేళ్లకు మించి శిక్ష వేస్తేనే అప్పీల్ హైకోర్టుకు. సరిగ్గా ఏడేళ్లు అంటే "ఏడేళ్లకు మించి" కాదు కాబట్టి అప్పీల్ జిల్లా సెషన్స్ కోర్టులోనే వేయాలి, గడువు 30 రోజులే. మీకు మూడు వారాలు ఇప్పటికే గడిచిపోయాయి. హైకోర్టు అనుకుని నిమ్మళంగా కూర్చుని, తీరా అక్కడికి వెళ్లాక ఇది ఇక్కడ కాదని వెనక్కి వచ్చినవాళ్లను చూశాను.

సర్టిఫైడ్ కాపీ కోసం అప్లై చేస్తే, కాపీ తయారు కావడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. గడువు దాటినా ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేయొచ్చు. మనిషి జైల్లో ఉన్నప్పుడు కోర్టులు ఈ విషయంలో మరీ కఠినంగా ఉండవు. అలాగని దాన్ని నమ్ముకోవద్దు, ఆ పిటిషన్ తేలేదాకా బెయిల్ మాట కదలదు. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ ఒకటి వెంటనే, ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. మీ తమ్ముడి దగ్గర అది ఉండే ఉంటుంది, ములాఖత్‌కు వెళ్లినప్పుడు అడగండి.

ఇప్పుడు "పెంచేస్తారు" అన్న మాటకు వద్దాం. ఈ భయం పూర్తిగా ఉత్తిది కాదు, కానీ మీకు చెప్పినవాళ్లు తప్పు వైపు చూపిస్తున్నారు. శిక్ష పెరగాలంటే ప్రభుత్వం విడిగా అప్పీల్ వేయాలి. సీఆర్‌పీసీలో అది 377, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 418. అప్పుడు కూడా మీ వాదన వినకుండా పెంచడానికి వీల్లేదు. పైగా ఆ అప్పీల్‌లోనే మీరు తగ్గించమనీ విడుదల చేయమనీ అడగొచ్చు. హైకోర్టుకు రివిజన్ అధికారం (కింది కోర్టు తీర్పును తనంతట తాను సరిచూసే అధికారం) వేరే ఉంది, దానికీ ముందు నోటీసు ఇవ్వాల్సిందే. గాయపడ్డ వ్యక్తి "శిక్ష చాల్లేదు" అని తనంతట తాను అప్పీల్ వేయలేడని సుప్రీంకోర్టు 2020లో పర్వీందర్ కన్సల్ కేసులో చెప్పింది.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మీ తమ్ముడి మీద మొదట పెట్టింది 307, తేలింది 326. అంటే 307 విషయంలో అతను గెలిచినట్టే. దాని మీద ప్రభుత్వం అప్పీల్‌కు వెళ్లొచ్చు, "తక్కువ నేరం కింద శిక్షించారు" అని బాధితుడు కూడా వెళ్లొచ్చు. ఆ హక్కు బాధితుడికి చట్టంలోనే ఉంది. ఇది మీరు అప్పీల్ వేసినా వేయకపోయినా ఉండే ప్రమాదమే. కాబట్టి ఆ భయంతో మీ అప్పీల్ మానుకోవడం వల్ల ఒరిగేది లేదు.

శిక్ష ఎలా తగ్గుతుంది

బంధువులంతా ఒకటే చెప్పమంటారు: ముసలి తల్లిదండ్రులున్నారు, పిల్లలు చిన్నవాళ్లు, ఇంటికి అతనొక్కడే ఆధారం. చెప్పొద్దని అనను. కానీ శిక్ష పడిన ప్రతి మనిషీ దాదాపు ఇదే చెబుతాడు, జడ్జి దాన్ని ఒక వాక్యంలో రాసుకుని ముందుకు వెళ్తాడు. నా అనుభవంలో శిక్ష తగ్గిన కేసుల్లో ఎక్కువ భాగం జాలి వల్ల తగ్గలేదు, రికార్డులో ఉన్న కాగితాల వల్ల తగ్గాయి.

పెద్ద తగ్గింపు వచ్చేది సెక్షన్ మారినప్పుడు. 326 అంటే ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం, పదేళ్ల వరకు లేదా యావజ్జీవం. ఆయుధం "ప్రమాదకరమైనది" కాదని తేలితే అది 325 అవుతుంది, గరిష్ఠం ఏడేళ్లు. గాయం "తీవ్రమైనది" అని రుజువు కాకపోతే 324, గరిష్ఠం మూడేళ్లు. ఇప్పుడు మీ తమ్ముడికి వేసిన ఏడేళ్లు 325లో అయితే ఆఖరి మెట్టు. మొదటిసారి నేరం చేసినవాడికి, ఒక ఎముక విరిగిన కేసులో, ఆఖరి మెట్టు శిక్ష వేయడాన్ని సమర్థించడం ప్రాసిక్యూషన్‌కు అంత సులువు కాదు. శిక్ష మీద మాత్రమే అప్పీల్ వేస్తే ఈ దారిని మీరే మూసుకున్నట్టు. రెండూ సవాలు చేయమన్నది అందుకే.

ఆయుధం గురించి చూడండి. చట్టంలో ఉన్న మాట, దాడికి వాడితే ప్రాణం తీయగల సాధనం అని. కర్రలన్నీ అందులోకి రావు. దాని పొడవెంత, మందమెంత, చివర ఇనుప పొన్ను ఉందా, ఎక్కడ కొట్టారు, ఎంత బలంగా కొట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2005లో మథాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ కేసులో ఆయుధం రాయి. ఏది ప్రమాదకరమైన ఆయుధమో ఆ కేసు పరిస్థితులను బట్టే తేల్చాలని చెప్పి సుప్రీంకోర్టు 326ను 325గా మార్చింది. మీ కేసులో కర్రను కోర్టులో హాజరుపరిచారా? పంచనామాలో దాని కొలతలు రాశారా? డాక్టరుకు ఆ కర్ర చూపించి "ఈ గాయం దీనివల్ల అవుతుందా" అని అడిగారా? వీటికి జవాబులు తీర్పులో దొరకవు, సాక్షుల వాంగ్మూలాల కాపీల్లో దొరుకుతాయి. అవి తెప్పించండి.

గాయం గురించి ఇంకా నిశితంగా చూడాలి. ఎముక విరిగితే తీవ్ర గాయమే, అందులో వివాదం లేదు. విరిగిందని ఎలా రుజువైంది అన్నదే ప్రశ్న. నా దగ్గరకు వచ్చిన ఒక కేసులో వూండ్ సర్టిఫికెట్ (గాయాలపై డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం) మీద మొదట "ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక అభిప్రాయం" అని ఒక సిరాతో రాసి ఉంది. దాని కిందే వేరే సిరాతో, తేదీ లేకుండా, "తీవ్ర గాయం" అని ఉంది. ఎక్స్‌రే ఫిల్మ్ కోర్టుకు రాలేదు. తీసిన రేడియాలజిస్టు సాక్ష్యం చెప్పలేదు. సాక్ష్యం చెప్పిన డాక్టరు క్రాస్‌లో, తాను ఫిల్మ్ చూడలేదని ఒప్పుకున్నాడు. కింది కోర్టులో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే అందరి దృష్టీ 307 మీదే ఉంది. అప్పీల్‌లో అది 324 అయింది, అప్పటికి గడిపిన కాలమే శిక్షగా సరిపెట్టారు. ప్రతి కేసులో ఇలాంటిది దొరకదు. దొరికితే మాత్రం ఇంతకంటే గట్టి వాదన లేదు.

సెక్షన్ మారడంలో ఇంకో లాభం ఉంది, చాలామంది లాయర్లు కూడా చివరిదాకా ఆలోచించరు. 326కు యావజ్జీవం వేయొచ్చు కాబట్టి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 4 (జైలుకు పంపకుండా మంచి నడవడి హామీ మీద వదిలేయడం) దానికి వర్తించదు. 325కు, 324కు వర్తిస్తుంది. అలాగే 326 రాజీ చేసుకునే నేరం కాదు, 325 మాత్రం కోర్టు అనుమతితో బాధితుడు రాజీ చేసుకోగలిగిన నేరం. అప్పీల్ దశలో కూడా ఆ అనుమతి ఇవ్వొచ్చు. ఇచ్చారంటే దాని ఫలితం విడుదలే.

రాజీ గురించి, జాగ్రత్తగా

326 అలాగే నిలబడినా, ఇరుపక్షాలూ కలిసిపోయిన సంగతిని శిక్ష తగ్గించడానికి ఒక కారణంగా తీసుకోవచ్చు. 1973లో రామ్ పూజన్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఈ మాట అంటూనే ఉంది, అది కూడా 326 కేసే. గట్టు తగాదాల్లో ఇది పనికొస్తుంది, ఎందుకంటే రెండు కుటుంబాలూ రేపు ఆ పక్కపక్క పొలాల్లోనే బతకాలి.

అయితే డబ్బు కట్టేస్తే శిక్ష తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పరిహారం శిక్షకు బదులు కాదని సుప్రీంకోర్టు 2024లో రాజేంద్ర ఉమ్రానియా కేసులో స్పష్టంగా చెప్పింది. ఇక పెద్దమనుషుల్ని వెంటేసుకుని బాధితుడి ఇంటికి వెళ్లడం అసలు చేయకండి. "బెదిరించారు" అని ఒక్క ఫిర్యాదు వస్తే కొత్త కేసు ఒకటి, ఉన్న బెయిల్ అవకాశం పోవడం ఒకటి. అతనికి నిజంగా ఇష్టముంటే అతని లాయర్ ద్వారా అఫిడవిట్ వేయించండి, కోర్టు అతన్ని స్వయంగా పిలిచి అడుగుతుందని మనసులో పెట్టుకోండి.

సెక్షన్ మారకపోతే ఏం వాదించాలి

మన దేశంలో ఏ నేరానికి ఎన్నేళ్లు అని చెప్పే శిక్షల పట్టిక లేదు. గరిష్ఠం చెప్పి వదిలేస్తారు, మిగతాది జడ్జి విచక్షణ. సోమన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ కేరళ కేసులో 2012లో సుప్రీంకోర్టు కూడా ఈ లోటును ప్రస్తావించింది. కాబట్టి "ఇలాంటి కేసుకు మూడేళ్లే వేయాలి" అని చూపించడానికి లెక్క లేదు. చూపించాల్సింది, కింది కోర్టు చూడాల్సినవి చూడలేదని.

తీర్పులో శిక్ష మీద రాసిన భాగం చదవండి. చాలా తీర్పుల్లో అది ఒక పేరా కూడా ఉండదు. నేరం రుజువైందని చెప్పాక, శిక్ష గురించి ముద్దాయిని విడిగా విని తీరాలి. 1976లో శాంతా సింగ్ కేసు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. అదే రోజు, అదే పూట, "ఏమైనా చెప్పుకునేది ఉందా" అని అడిగి రెండు ముక్కలు రాసుకుని ఏడేళ్లు వేసి ఉంటే, ఏడేళ్లే ఎందుకో కారణం రాయకపోతే, అది అప్పీల్‌లో మీ మొదటి గ్రౌండ్ (కారణం).

తర్వాత ఘటన స్వభావం. కర్ర ఇంటి నుంచి తెచ్చాడా, అక్కడే చేతికి దొరికిందా? ఒక్క దెబ్బేనా? అవతలి మనిషి పడిపోయాక ఆగాడా, కొడుతూనే ఉన్నాడా? నేను దీన్ని అన్నిటికంటే ముందు చూస్తాను. పడిపోయిన మనిషిని ఇనుప రాడ్‌తో తల మీద మళ్లీ మళ్లీ కొట్టిన కేసు ఒకటి నా చేతికొచ్చింది. వయసు తక్కువ, పాత కేసుల్లేవు, కుటుంబం నిజంగా దీనస్థితిలో ఉంది. హైకోర్టు ఒక్క రోజు కూడా తగ్గించలేదు. అందులో వింతేమీ లేదు. 2013లో హజారా సింగ్ వర్సెస్ రాజ్ కుమార్ వంటి కేసుల్లో, గడిపిన కాలంతో సరిపెట్టి వదిలేసిన హైకోర్టు తీర్పులనే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. మితిమీరిన దయ న్యాయవ్యవస్థ మీద జనానికి నమ్మకం పోగొడుతుందన్నది దాని వాదన.

మీ కేసులో ఇంకొందరు ముద్దాయిలున్నారా అన్నది మీరు రాయలేదు. ఉంటే ఎవరికెంత పడిందో పోల్చండి. ముగ్గురినీ సెక్షన్ 34 (ఉమ్మడి ఉద్దేశం) కలిపి ఒకే గాటన కట్టిన ఒక కేసులో, దెబ్బ కొట్టింది మొదటి ముద్దాయే అని బాధితుడి సాక్ష్యంలోనే ఉంది. మిగిలిన ఇద్దరి శిక్షలు తగ్గడానికి ఆ రెండు వాక్యాలే సరిపోయాయి.

ఘటన జరిగి చాలా ఏళ్లయి, ఈలోపు బెయిల్ మీద ఉండి ఏ గొడవలోనూ తలదూర్చకపోతే అదీ చెప్పాలి. నోటిమాటగా కాదు, వేరే కేసులేమీ లేవన్న వివరం అఫిడవిట్‌లో పెట్టాలి. జైల్లో ప్రవర్తన బాగుంటే దానికి సూపరింటెండెంట్ ఇచ్చే కాగితం కూడా పనికొస్తుంది.

ఈలోపు బయటకు రాగలడా

రావచ్చు. అప్పీల్‌తో పాటే శిక్ష నిలుపుదల పిటిషన్ వేయాలి. పాత చట్టంలో 389, ఇప్పుడు 430. శిక్ష మూడేళ్ల లోపైతే, అప్పటికి ముద్దాయి బెయిల్ మీద ఉంటే, తీర్పిచ్చిన కోర్టే కొన్నాళ్లు బెయిలిస్తుంది. మీది ఏడేళ్లు కాబట్టి అప్పీల్ కోర్టునే అడగాలి. 326 యావజ్జీవం పడగలిగే నేరం కాబట్టి పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే ఆర్డరు వస్తుంది, మొదటి పేషీలోనే వస్తుందని ఎదురుచూసి టెన్షన్ పడకండి. ఫలానా ఇన్నేళ్లని పడిన శిక్షల్లో, అసాధారణ కారణాలుంటే తప్ప నిలుపుదల విషయంలో ఉదారంగా ఉండాలని సుప్రీంకోర్టు 1999లో భగవాన్ రామా షిండే గోసాయి కేసులో చెప్పింది. దాన్ని పిటిషన్‌లో రాయించండి. జరిమానా కట్టేసి రసీదు జతచేయండి, ఎలాగూ అడుగుతారు.

నిలుపుదల దొరక్కపోతే త్వరగా విచారించమని అడగండి. అప్పీళ్లు ఏళ్ల తరబడి పెండింగులో ఉంటాయి. ఏడేళ్ల శిక్షలో సగం గడిచాక "ఎక్కువైంది" అని గెలిచినా లాభం సగమే. విచారణ సమయంలో రిమాండులో ఉన్న రోజులు శిక్షలోంచి పోతాయి (428, ఇప్పుడు 468). ఆ రోజుల లెక్క తీర్పులో సరిగ్గా రాశారో లేదో చూడండి. రెండు సెక్షన్ల కింద విడివిడిగా శిక్షలు పడి ఉంటే, అవి "ఏకకాలంలో" నడుస్తాయని రాసి ఉందా చూడండి. ఆ మాట లేకపోతే ఒకటి అయ్యాక ఇంకొకటి మొదలవుతుంది. ఈ ఒక్క మాట కోసం వేసే అప్పీళ్లు కూడా ఉన్నాయి.

ఎవరైనా కొత్త చట్టం సెక్షన్లు చెబితే కంగారు పడకండి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 326కు సమానమైన 118(2)కు కనీసం ఏడాది శిక్ష పెట్టారు, గాయాన్ని తీవ్రమైనదిగా లెక్కించడానికి "తీవ్ర నొప్పి" ఉండాల్సిన గడువును 20 రోజుల నుంచి 15కు తగ్గించారు. అవేవీ మీ తమ్ముడికి తగలవు.

డబ్బుల సంగతి మీరు చివర్లో మొహమాటంగా అడిగారు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ఆ హక్కు ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జైల్లో ఉండే లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో మీ తమ్ముడినే అడగమనండి. గడువు మీద పడుతోంది, లాయర్ ఇంకా కుదరలేదు అనుకుంటే, అతను జైలు నుంచే సూపరింటెండెంట్ ద్వారా అప్పీల్ పంపొచ్చు. దాన్ని కోర్టుకు చేర్చే బాధ్యత వాళ్లది. గ్రౌండ్స్ తర్వాత లాయర్ వచ్చి అదనంగా వేసుకోవచ్చు. ప్రైవేటు లాయర్‌ను పెట్టుకుంటే వకాలత్‌నామా మీద జైల్లో సంతకం చేయించి, జైలు అధికారి అటెస్టేషన్ తీసుకోవాలి. దానికే ఒకటి రెండు రోజులు పోతాయి కాబట్టి రేపే ఆ ఫారం పట్టుకుని వెళ్లండి.